బస్సుల ప్లానింగ్ చదువుతానంటే, ముందు రెండు గంటలు స్టాపులో నిలబడమనండి

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. కంప్యూటర్ సైన్స్ వద్దు, సిటీ బస్సులు, మెట్రోల ప్లానింగ్ చదువుతానంటోంది. అసలు ఆ పనిలో ఏముంటుంది? ఏ కోర్సులో చేర్చాలి?
– ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: రోడ్లు వేయడం, వంతెనలు కట్టడం కాదండీ ఇది. ఏ రూటులో ఎన్ని బస్సులు తిప్పాలి, ఎంతసేపటికొకటి పంపాలి, స్టాపు ఎక్కడ పెట్టాలి అన్నది తేల్చే పని. కింది లెక్క మీ అమ్మాయి చేత చేయించి చూడండి.

రూటు పొడవు 18 కిలోమీటర్లు. ఆగుతూ పోయే బస్సు సగటు వేగం గంటకు 15 కి.మీ. అంటే ఒకవైపు 72 నిమిషాలు, రానుపోను 144. రెండు చివర్లా 8 నిమిషాల చొప్పున విరామం కలిపితే 160. పది నిమిషాలకో బస్సు రావాలంటే 16 బస్సులు తిప్పాలి. రిపేర్లకు ఆగేవాటికి బదులుగా డిపోలో ఉంచే స్పేర్లు వేరే. ఇప్పుడు ట్రాఫిక్ పెరిగి వేగం 12కు పడిందనుకోండి. రానుపోను, విరామం కలిపి 196 నిమిషాలవుతుంది. అదే పది నిమిషాల ఎడం నిలబెట్టాలంటే 20 బస్సులు కావాలి. ఒక్క ప్రయాణికుడు పెరగకుండానే నాలుగు బస్సులు, వాటి డ్రైవర్లు, కండక్టర్లు, డీజిల్ అదనం! బస్సులకు ప్రత్యేక లేన్ ఎందుకంటే నేను ముందు చూపించేది ఈ లెక్కే.

బస్సుకూ బస్సుకూ మధ్య ఎడాన్ని హెడ్‌వే అంటారు. అది సమానంగా పది నిమిషాలుంటే స్టాపులో నిరీక్షణ సగటున అయిదు నిమిషాలే. కానీ ఒక బస్సు మూడు నిమిషాలు లేటయితే తర్వాతి స్టాపులో జనం ఎక్కువ పోగవుతారు, ఎక్కడానికి ఇంకాస్త సమయం పడుతుంది, బస్సు మరింత లేటవుతుంది. వెనక వచ్చే బస్సుకు జనమే ఉండరు కాబట్టి అది ముందుదాన్ని అందుకుంటుంది. ఇరవై నిమిషాలకోసారి రెండు బస్సులు జంటగా వస్తుంటే సగటు నిరీక్షణ పది నిమిషాలకు పోతుంది. బస్సుల సంఖ్య మారలేదు, జనం తిప్పలు మాత్రం రెట్టింపయ్యాయి. దీన్ని బంచింగ్ అంటారు. కొన్ని స్టాపుల్లో వేళకన్నా ముందే వచ్చేసిన బస్సును కాసేపు ఆపి ఎడం సరిచేయడం దీనికి ఒక విరుగుడు.

కదలాల్సింది మనుషులు, వాహనాలు కాదు అన్నది 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం మూలసూత్రం. అందుకే ఫుట్‌పాత్ కూడా ఈ చదువులో భాగమే. మ్యాపులో స్టేషన్ 400 మీటర్లే కనిపిస్తుంది, మధ్యలో దాటడానికి వీల్లేని రోడ్డుంటే చుట్టూ తిరిగి కిలోమీటరు నడవాలి. ఇక జనం సొంత బండి తీయక ఏం చేస్తారు?

ఒకరోజు ఉదయం 8 నుంచి 10 దాకా మీ హనుమకొండ చౌరస్తాలో కాజీపేట వైపు బస్సులు ఆగేచోట నోట్‌బుక్‌తో నిలబడమనండి. ప్రతి బస్సుకూ వచ్చిన సమయం, ఎందరు ఎక్కారు, ఎన్ని సెకన్లు ఆగింది, సీట్లు ఖాళీయా, నిలబడ్డారా, ఫుట్‌బోర్డు మీదా – ఇవన్నీ రాయాలి. 8.07ని 8.05గా సర్దకూడదు, ఎడాల లెక్క అక్కడే చెడుతుంది. నిండిపోయి ఆగకుండా వెళ్లిన బస్సును చాలామంది వదిలేస్తారు. అసలు సమస్యను చూపేది ఆ బస్సే. ఇంటికొచ్చి ఎడాలన్నీ ఎక్సెల్‌లో గ్రాఫ్ గీసి, మర్నాడు మళ్లీ వెళ్తానంటే ఆసక్తి గట్టిదే. ఆపైన ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్ నేర్చుకోవచ్చు. ఢిల్లీ బస్సుల వేళల డేటా ఓపెన్ ట్రాన్సిట్ డేటా పోర్టల్‌లో దొరుకుతుంది.

కోర్సులకు రెండు దారులున్నాయి. ఒకటి నాలుగేళ్ల బీ.ప్లానింగ్: విజయవాడ, భోపాల్, ఢిల్లీ ఎస్‌పీఏల్లో (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) ఉంది. తర్వాత ఢిల్లీ ఎస్‌పీఏలో ట్రాన్స్‌పోర్ట్ ప్లానింగ్‌లో పీజీ చేయవచ్చు. రెండోది బీటెక్ సివిల్ చేసి, గేట్ రాసి, ట్రాన్స్‌పోర్టేషన్ ఇంజినీరింగ్‌లో ఎంటెక్. అది మీ పక్కనున్న వరంగల్ ఎన్‌ఐటీలోనే ఉంది. మనుషులు, ఊళ్లు, విధానాల మీద మక్కువైతే మొదటిది, సిగ్నళ్లు, మోడళ్లు, లెక్కల మీదైతే రెండోది. ఏది తేల్చుకోలేకపోతే సివిలే మేలంటాను, వేరే ఉద్యోగాల దారులు కూడా తెరిచే ఉంటాయి.

కన్సల్టెన్సీలు, మెట్రో సంస్థలు, నగరాభివృద్ధి సంస్థలు, ఐటీడీపీ, డబ్ల్యూఆర్‌ఐ లాంటి నగర రవాణా మీద పరిశోధన చేసే సంస్థల్లో పని ఉంటుంది. తొలి జీతాన్ని పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలతో పోల్చకండి. పీజీ లేకుండా మంచి అవకాశాలు తక్కువ, కాబట్టి ఆరేళ్ల చదువుకు ఇప్పుడే సిద్ధపడండి.

ఎస్‌పీఏ బీ.ప్లానింగ్ సీటుకు జేఈఈ మెయిన్‌లో పేపర్ 2బీ రాయాలి. మ్యాథ్స్, ఆప్టిట్యూడ్, ప్లానింగ్ ప్రశ్నలుంటాయి. బీటెక్ కోసం దరఖాస్తు చేస్తూ పేపర్ 1 ఒక్కటే ఎంచుకుని, 2బీ సంగతి పరీక్షయ్యాక గుర్తు చేసుకునే పిల్లలున్నారు. దరఖాస్తు నింపేటప్పుడు రెండూ ఎంచుకుందో లేదో మీరు పక్కన కూర్చుని చూడండి.