బొంత ఎప్పటికొస్తుందో!

ప్రశ్న: అమ్మ పాత నూలు చీరలు ఆరు, బొంత కుట్టమని ఒకావిడకి ఆగస్టులో ఇచ్చాను. దీపావళికల్లా అన్నారు, సంక్రాంతి కూడా దాటింది. సగం డబ్బు ముందే ఇచ్చేశాను. గట్టిగా అడిగితే చీరలు పాడుచేస్తారేమోనని టెన్షన్.
– ఓ పాఠకురాలు, కావలి

జవాబు: అడగండమ్మా, తప్పేముంది? కాకపోతే ఫోన్లో కాదు, వెళ్లి కళ్లారా చూడండి. చేత్తో దగ్గర దగ్గరగా కుట్టాలంటే వారాలు పడుతుంది, పైగా మన నెల్లూరు వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలే, ఉతికిన చీర సరిగా ఆరకుండా పొరలు పరిస్తే ముక్కవాసన పట్టేస్తుంది, అందుకే ఆగానంటే ఒప్పుకోవచ్చు. ఇప్పుడా సాకు చెల్లదు. మొదలే పెట్టకపోతే చీరలు లెక్కపెట్టి తెచ్చేసుకోండి. సగమైనా అయి ఉంటే తేదీ రాయించుకుని, మిగతా డబ్బు బొంత చేతికొచ్చాకే ఇవ్వండి. ఇంకోసారి ఇచ్చేముందు చీరలకు ఫొటోలు తీసుకోండి, జరీ అంచులు కోసి దాచుకునేవాళ్లూ ఉన్నారు (మాకూ అయిందొకసారి).