ప్రైవేట్ క్రెడిట్ కోర్సు కోసం జీడితోట అమ్ముతారా?

ప్రశ్న: మాది పలాస. ఇరవై రెండేళ్లుగా ఎల్‌ఐసీ ఏజెంటుని. మా అమ్మాయి శ్రీకాకుళంలో బీఎస్సీ మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ రెండో సంవత్సరం. అమెరికాలో పెద్ద ఫండ్లు బీమా కంపెనీల్ని కొనేస్తున్నాయని, రేపు మన దగ్గరా అంతేనని, ‘ప్రైవేట్ క్రెడిట్’ కోర్సు చేస్తానంటోంది. హైదరాబాద్‌లో పది నెలలు, ఫీజు నాలుగున్నర లక్షలు. జీడితోటలో కొంత అమ్మి కట్టేద్దామనుకుంటున్నాను. నా పని నాతోనే ఆఖరేమో, పిల్ల కూడా వెనకబడిపోతుందేమోనని టెన్షన్. ఇది మంచిదా, బీమా లెక్కలు కట్టే నిపుణులయ్యే యాక్చువరీ పరీక్షలు మంచివా? పోల్చి చెప్పండి.

జవాబు: తోట జోలికి మాత్రం వెళ్లకండి. మిగతాది తీరిగ్గా మాట్లాడుకుందాం.

అమ్మాయి చెప్పింది నిజమే. అపోలో అనే ఫండ్ సంస్థ అండతో 2009లో ఎథీన్ అనే బీమా కంపెనీ మొదలైంది. 2022 జనవరిలో అపోలో దాన్ని పూర్తిగా కలిపేసుకుంది. కేకేఆర్ అనే మరో ఫండ్ సంస్థ 2021లో గ్లోబల్ అట్లాంటిక్ అనే బీమా కంపెనీలో పెద్ద వాటా కొని, 2024 మొదట్లో మిగిలిందీ తీసేసుకుంది.

వీళ్లకి బీమా మీద ఇంత ప్రేమ ఎందుకో మీ బ్యాగులోని రసీదులే చెబుతాయి. జీడిపిక్కలు ఒలిచే మనిషి కూలి డబ్బులోంచి ప్రీమియం కట్టిందంటే, మెచ్యూరిటీ దాకా ఆ డబ్బు అడగదు. అమెరికాలో రిటైరయ్యేవాళ్లు ఒకేసారి పెద్ద మొత్తం కట్టి, పెన్షన్‌లా తిరిగొచ్చే యాన్యుటీ పాలసీ తీసుకుంటారు. అన్నేళ్లు కదలకుండా ఉండే డబ్బు ఇంకెక్కడ దొరుకుతుంది? 2008 తర్వాత వడ్డీ రేట్లు పడిపోయాక, బాండ్ల మీద వచ్చేది చాలక పాత కంపెనీలు నీరసపడ్డాయి. ఆ డబ్బు మేం తిప్పుతామని ఫండ్లు ముందుకొచ్చాయి. బ్యాంకుతో పనిలేకుండా నేరుగా కంపెనీలకు అప్పులిస్తాయి. ప్రైవేట్ క్రెడిట్ అంటే అదే.

నాకు దీని మీద అనుమానాలున్నాయి. ప్రభుత్వ బాండు ధర మార్కెట్లో రోజూ తెలుస్తుంది. ఈ అప్పుల విలువ చాలావరకు అప్పిచ్చినవాళ్ల అంచనాయే. ఊళ్లో వడ్డీకి తిప్పేవాళ్ల పుస్తకం చూశారుగా, రావలసిన పద్దు ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. రాబట్టే రోజున కదా అసలు సంగతి తేలేది! పైగా పాలసీల భారాన్ని బెర్ముడా దీవుల్లోని రీఇన్సూరెన్స్ కంపెనీకి, అంటే బీమా కంపెనీలకే బీమా ఇచ్చే కంపెనీకి, బదలాయిస్తుంటారు. చాలాసార్లు అదీ ఆ ఫండ్ గూటిదే. ఇటలీలో సిన్వెన్ అనే, కంపెనీల్ని కొని అమ్మే ప్రైవేట్ ఈక్విటీ సంస్థ చేతిలో యూరోవీటా అనే బీమా కంపెనీ ఉండేది. 2023 ఫిబ్రవరిలో అక్కడ సరెండర్లు, అంటే పాలసీ మధ్యలో వదులుకుని డబ్బు తీసుకోవడం, ఆపేశారు. దాన్ని ముంచింది ప్రైవేట్ క్రెడిట్ కాదు, వడ్డీ రేట్లు పెరగడం, మూలధనం చాలకపోవడం. ఏదైతేనేం, ‘డబ్బు ఇప్పుడు రాదండీ’ అని చెప్పాల్సింది మీలాంటివాళ్లే. ఆ మాట మీ వీధిలో చెప్పడం ఊహించుకోండి.

మన దగ్గర ఇది రాత్రికి రాత్రి జరగదు. జీవిత బీమా నిధిలో కనీసం సగం ప్రభుత్వ, ఆమోదిత సెక్యూరిటీల్లోనే పెట్టాలని నిబంధన. విదేశీ వాటా పరిమితి మాత్రం 2021లో 49 నుంచి 74 శాతానికి పెరిగింది, 2025 చివర్లో నూటికి నూరు అంటూ పార్లమెంటు చట్టం చేసింది. కాబట్టి ఆ గాలి ఇటు రాదని నేననను.

ఇప్పుడు మీతో ఒక మాట, కోపగించుకోకండి. ఇన్నేళ్లుగా అందరికీ కాగితాలు చదివి సంతకం పెట్టమని చెప్పుంటారు. మీ వంతు వచ్చేసరికి, బ్రోచర్‌లో ‘ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్’ అంటే ఏమిటో కూడా అడగకుండా తోట బేరం పెడతారా? కిందటి బ్యాచ్‌లో ఎంతమందికి, ఏ పనిలో ఉద్యోగం వచ్చిందో అడగండి. వాళ్లలో ఇద్దరి ఫోన్ నంబర్లు ఇమ్మనండి. నీళ్లు నమిలితే ఫోన్ పెట్టేయండి. ఆ పనికి తీసుకునేవాళ్లు ఎక్కువగా సీఏలను, పేరున్న ఎంబీఏలను చూస్తారు. డిగ్రీ కూడా పూర్తికాని పిల్లకు పది నెలల సర్టిఫికెట్ ఆ లోటు తీర్చదు.

పోల్చమన్నారు కదా, యాక్చువరీ కూడా పూలపాన్పు కాదు. పేపర్లు ఏళ్ల తరబడి సాగుతాయి, మంచి పిల్లలూ తప్పుతారు. ఉద్యోగాలు ముంబై, గురుగ్రామ్, బెంగళూరు, హైదరాబాద్‌లలోనే. కానీ డబ్బు కొంచెం కొంచెంగా ఖర్చవుతుంది, మధ్యలో మానేసినా తోట ఉంటుంది. కంపెనీని ఎవరు కొన్నా, పాలసీదారుకి ఎప్పుడు ఎంత ఇవ్వాలో లెక్క కట్టే మనిషి కావాలి. మీరు ఇళ్లకు వెళ్లి ఇచ్చే హామీ వెనకున్న లెక్క అదే. మీ పని మీతో ఆగిపోతుందని బెంగ పడకండి, పిల్ల దాన్నే ఇంకో వైపు నుంచి చేస్తుంది. రెండో సంవత్సరంలో ఉంది, వెనకబడిందేమీ లేదు.

ఈ ఆదివారం మెచ్యూరిటీ అయిన పాత పాలసీ ఒకటి తన ముందు పెట్టండి. ఏటా కట్టినదెంత, చివరికి వచ్చిందెంత, అది ఎంత వడ్డీ కిందకి వస్తుందో ఎక్సెల్‌లో కట్టమనండి. పూట గడిచినా లేవకుండా కూర్చుంటే యాక్చువరీ ప్రవేశ పరీక్ష ఏసెట్ ఫారం నింపించండి. విసుక్కుంటే నాకు మళ్లీ రాయండి, వేరే దారి చూద్దాం.