‘ఆ తర్వాత ఏంది నాయనా?’ అని కొడుకు అడిగితే

ప్రశ్న: మేడం, మాది బంగారుపాళ్యం దగ్గర పల్లె. మూడెకరాల మామిడి తోట ఉంది. మా అబ్బోడు తిరుపతి దగ్గర బీటెక్ సీఎస్‌ఈ, ఏఐ-ఎంఎల్ మూడో సంవత్సరం. బాగా చదివేవాడు. ఇప్పుడేమో ‘ఉద్యోగం వస్తుంది, ఆ తర్వాత? ఇల్లు కడతాం, ఆ తర్వాత? పెళ్లి చేస్తావు, నా పిల్లల్ని మళ్లీ ఇదే కోచింగ్‌లో వేస్తాను. దీనికి అర్థం ఏంది నాయనా?’ అంటున్నాడు. బీటెక్ అయ్యాక ఎంఏ ఫిలాసఫీ చేస్తాడంట. మా బామ్మర్ది అమెరికాలో ఎంఎస్ చేయించమంటాడు. మూడు రోజుల ‘లైఫ్ పర్పస్’ క్లాసులో వేస్తే దారిలో పడతాడని ఇంకొకాయన చెప్పాడు, ఫీజు పాతిక వేలు. ఎంఏ, ఎంఎస్ పోల్చి ఏది మంచిదో చెప్పండి. వాడు సన్యాసుల్లో కలిసిపోతాడేమోనని మా ఇంట్లో నిద్రలు లేవు. తిన్నది అరక్క ఇట్లాంటి మాటలు వస్తాయని తిట్టాను కూడా. చెడ్డవాడు కాదు మేడం, 2025 సీజన్లో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ దగ్గర ట్రాక్టర్ లైన్లో నాతో పాటు రెండు రాత్రులు కూర్చున్నాడు.

జవాబు: అన్నా, మీరు అడిగింది రెండు చదువుల గురించి. మీ భయం మాత్రం కొడుకు చెయ్యి జారిపోతున్నాడని. తిరుపతిలో ఇన్నేళ్లుగా పిల్లల చదువుల గురించి సలహాలు చెప్పే పని చేస్తున్నాను, ఈ భయం పెట్టుకుని వచ్చే తల్లిదండ్రులు ప్రతి ఏడూ ఉంటారు. అందుకే ముందు దాని గురించే మాట్లాడతాను.

మీ ఉత్తరంలో అసలు సంగతి చివరి వాక్యంలో ఉంది. అది మీకు తెలియకుండానే రాశారు. 2025లో తోతాపురి మామిడి ధర ఎట్లా పడిపోయిందో నేను మీకు చెప్పాలా? ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు కలిపి ఇవ్వాల్సి వచ్చింది. ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి, దించుకునేవాళ్లు లేక కాయలు రోడ్డు పక్కన పారబోసుకున్నవాళ్లు ఉన్నారు. ఆ రెండు రాత్రులు మీ వాడు చూసింది ఏంటి? నీళ్లు కట్టి, మందు కొట్టి, పూతకు దండం పెట్టుకుని ఏడాదంతా మీరు పడిన కష్టం మీ కళ్ల ముందే మగ్గిపోవడం చూశాడు. ఇరవై ఏళ్ల పిల్లవాడు ఆ రాత్రి ‘ఇదంతా ఎందుకు?’ అనుకోకపోతేనే నేను కంగారు పడేదాన్ని. వాడికి ఈ ప్రశ్న యూట్యూబ్‌లో దొరకలేదన్నా, మీ ట్రాక్టర్ మీద దొరికింది. దాన్ని పట్టుకుని మీ దగ్గరికి వస్తే మీరు తిన్నది అరక్క అన్నారు. ఆ మాట తప్పు. వాడితో ఒప్పుకోండి, పరువేం పోదు.

ఈ ప్రశ్న ఎవరెవరిని పట్టుకుందో చూడండి. రష్యా రచయిత టాల్‌స్టాయ్‌కి యాభై ఏళ్లు వచ్చేసరికి పేరు, కుటుంబం, వేల ఎకరాల భూమి, గుర్రాలు అన్నీ ఉన్నాయి. అప్పుడు పట్టుకుంది ఆయన్ను ఇదే మాట: సరే, ఆ తర్వాత? అది ఎంత దూరం పోయిందంటే, ఉరి వేసుకుంటానేమోనని ఇంట్లో తాడు కనబడకుండా దాచుకున్నాడు. ఆయనకు ఊరట పండితుల దగ్గర దొరకలేదు. పొలంలో పనిచేసుకుంటూ, దేవుణ్ణి నమ్ముకుని బతికే మామూలు రైతుల్ని చూసి నిలదొక్కుకున్నాడు. ఇది మీ కోసమే చెప్తున్నాను. మీ వాడు వెతుకుతున్న మనిషి తెల్లవారుజామున నాలుగింటికి లేచి తోటకు పోతున్నాడు. ఎందుకు పోతున్నాడో మాత్రం ఇంతవరకూ కొడుక్కి చెప్పలేదు.

మన భాషలో ‘అర్థం’ అంటే డబ్బు, ‘అర్థం’ అంటే భావం. మీ ఇంట్లో తండ్రి ఒకటి మాట్లాడుతున్నాడు, కొడుకు రెండోది అడుగుతున్నాడు, మాట మాత్రం ఒకటే. పెద్దలు ధర్మం, అర్థం, కామం, మోక్షం అని నాలుగు పురుషార్థాలు చెప్పారు. అందులో సంపాదన తప్పని ఎవరూ అనలేదు, దానికి ముందు ధర్మాన్ని పెట్టారు, అంతే. మీ వాడు నాలుగోదానికి దూకేస్తున్నాడని మీ భయం. నాకైతే వాడు మొదటిదాని గురించి అడుగుతున్నట్టే ఉంది.

ఇక ఆ పాతిక వేల క్లాసు. దీని మీద నాకు కోపమే ఉంది. ఇలాంటి క్లాసుల్లో నాలుగు వృత్తాల బొమ్మ ఒకటి చూపిస్తారు: నీకు ఇష్టమైనది, నీకు చేతనైనది, లోకానికి కావాల్సింది, డబ్బు వచ్చేది. నాలుగూ కలిసే చోట నీ జీవిత లక్ష్యం ఉందంటారు, దాని పేరు ‘ఇకిగాయ్’, జపాన్ వాళ్ల రహస్యం అంటారు. ఆ బొమ్మ జపాన్‌ది కాదు. స్పెయిన్‌కు చెందిన ఒకాయన గీసుకున్న బొమ్మకు 2014లో ఒక బ్లాగర్ ఆ జపాన్ మాట తగిలించాడు. జపాన్‌లో ఇకిగాయ్ అంటే బతకాలనిపించేది ఏదైనా సరే. పొద్దున తాగే టీ కావచ్చు, మనవరాలు కావచ్చు. దానికి జీతంతో పనిలేదు. ఆ మాట మీద 1966లో పుస్తకం రాసిన కమియా మియెకో అనే మానసిక వైద్యురాలు కుష్ఠు రోగుల ఆస్పత్రిలో పనిచేసింది. అంటే ఆ ఆలోచన పెరిగింది అన్నీ పోగొట్టుకున్న మనుషుల మధ్య. దాన్ని తెచ్చి ఇరవై ఏళ్ల పిల్లల ముందు పెట్టి, నాలుగూ కలిసే చోటు నీకింకా దొరకలేదా అని అడిగితే వాళ్లకు మిగిలేది టెన్షనే. ఇలాంటి క్లాసుకు పోయొచ్చి, ‘అందరికీ పర్పస్ దొరికింది, నాకే దొరకలేదు మేడం’ అని నా ముందు ఏడ్చిన అమ్మాయి నాకింకా గుర్తుంది.

ముందు లక్ష్యం దొరకాలి, ఆ తర్వాతే పని అనే వరసే నాకు నమ్మకం కుదరదు. తిరుత్తణిలో పుట్టి మన తిరుపతిలో కూడా చదువుకున్న సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు తత్వశాస్త్రంలోకి ఎట్లా వచ్చారు? బంధువు ఒకాయన తన పాత పుస్తకాలు ఇచ్చాడు, అవి ఫిలాసఫీవి. కొత్తవి కొనే స్తోమత లేక ఆ సబ్జెక్టే తీసుకున్నారు. ఇష్టం దాంతో పాటే పెరిగింది. సూసన్ వుల్ఫ్ అనే అమెరికా తత్వవేత్త మాట నాకు బాగా నచ్చుతుంది: మనకు ప్రేమ ఉండాలి, ఆ ప్రేమకు తగిన విలువ ఆ పనిలో కూడా ఉండాలి, రెండూ కలిసినప్పుడే బతుక్కి అర్థం. నాజీల క్యాంపుల నుంచి బతికి బయటపడ్డ వియన్నా డాక్టర్ విక్టర్ ఫ్రాంక్ల్ ఇంకో మాట అంటాడు. జీవితాన్ని మనం ప్రశ్నించడం కాదు, జీవితమే మనల్ని రోజూ అడుగుతుంది, మన జవాబు మనం చేసే పనిలో, ప్రేమించే మనుషుల్లో, తప్పని కష్టాన్ని మోసే తీరులో ఉంటుందని. ట్రాక్టర్ లైన్లో మీరు ఆ జవాబే ఇచ్చారు. మీ వాడు మీ పక్కన కూర్చుని తనదీ ఇచ్చాడు.

పోలిక అడిగారు కాబట్టి చెప్తాను. ఎంఏ ఫిలాసఫీ మన ఎస్వీ యూనివర్సిటీలోనే ఉంది, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఉంది. ఖర్చు తక్కువ. యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) అర్హత వస్తే పీహెచ్‌డీ మొదట్లో నెలకు 37,000 ఫెలోషిప్, ఐఐటీల హ్యుమానిటీస్ విభాగాల్లోనూ పీహెచ్‌డీ చేయొచ్చు. కానీ మన జిల్లాల డిగ్రీ కాలేజీల్లో ఈ సబ్జెక్టు చెప్పేవి చాలా తక్కువ, లెక్చరర్ ఉద్యోగం గ్యారంటీ అని నేను చెప్పలేను. ఎంఎస్‌కు అప్పు చేయాలి, వీసా మన చేతిలో లేదు, ఏఐ పేరున్న ప్రతి డిగ్రీకీ ఉద్యోగం వస్తుందన్న నమ్మకం నాకు లేదు. మూడెకరాలు తాకట్టు పెట్టి, మనసు లేని పిల్లవాణ్ణి విమానం ఎక్కించొద్దు. బీటెక్ మాత్రం పూర్తి చేయాలి, ఇందులో బేరం లేదని వాడికి నా మాటగా చెప్పండి. ఈ ఏడాదిన్నరలో ఓపెన్ ఎలక్టివ్‌గా హ్యుమానిటీస్ ఉంటే తీసుకోమనండి. ఒక రోజు ఎస్వీయూ ఫిలాసఫీ డిపార్ట్‌మెంట్‌కు పోయి క్లాసులో కూర్చోవచ్చా అని అడగమనండి. లాజిక్, జ్ఞానమీమాంస (మనకు ఏదైనా ఎలా తెలుస్తుందని విచారించేది) పేజీలు కూడా చదవాలనిపిస్తే అప్పుడు ఎంఏ గురించి మాట్లాడుకుందాం. తన ఒక్క ప్రశ్నకు జవాబు కోసమే అయితే దానికి డిగ్రీ అక్కర్లేదు.

ఇంకొకటి, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. వాడు నిద్రపోతున్నాడా, సరిగ్గా తింటున్నాడా, స్నేహితులతో తిరుగుతున్నాడా? ప్రశ్నలు అడిగేవాడు ఆరోగ్యంగానే ఉన్నట్టు. ప్రశ్నలు కూడా మానేసి తలుపు వేసుకుంటే, బతకడం దండగ అన్న మాట నోటివెంట వస్తే, అది ఫిలాసఫీ కాదు. అప్పుడు నాకు రాయడం కాదు, అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416, ఫోన్ ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

ఈ ఆదివారం వాడు ఇంటికి వస్తే తోటకు తీసుకుపోండి. చదువు మాట ఎత్తొద్దు. ఆ సీజన్లో అంత నష్టం వచ్చాక కూడా మళ్లీ చెట్లకు నీళ్లు ఎందుకు కట్టారో చెప్పండి. అప్పు తీర్చాలని అయితే అదే చెప్పండి, మీ నాయన నాటిన చెట్లని అయితే అదీ చెప్పండి. మీకూ తెలియకపోతే తెలియదనే అనండి. వాడు ఏమన్నాడో నాకు రాయండి, ఎంఏ సంగతి ఆ తర్వాత చూద్దాం.