వేడెక్కితే ఆగి, చల్లారితే స్టార్ట్ అయ్యే కారు: పంప్ మార్చే ముందు ఆర్పీఎం ముల్లు చూడండి

మీ పెట్రోల్ కారు అమీర్‌పేట ట్రాఫిక్‌లో అరగంట నడిచాక టక్కున ఆగిపోతోంది, సెల్ఫ్ బాగానే తిరుగుతున్నా స్టార్ట్ కావట్లేదు, చల్లారాక మామూలుగా స్టార్ట్ అవుతోంది, మెకానిక్ ఫ్యూయల్ పంప్ మార్చమంటున్నాడు అని రాశారు. పంప్‌కి డబ్బు పెట్టకముందే ఇది చదవండి. రెండేళ్ల క్రితం నాకూ అచ్చం ఇలాగే జరిగింది. పంప్ మార్పించాను, పది రోజులకే బండి మళ్లీ ఆగింది. అసలు పోయింది క్రాంక్‌షాఫ్ట్ పొజిషన్ సెన్సర్, అంటే ఇంజిన్ తిరుగుతోందని కారు కంప్యూటర్‌కి కబురు పంపే భాగం.

మే నెల, మిట్టమధ్యాహ్నం. శంషాబాద్‌లో చెల్లిని విమానం ఎక్కించి, అమ్మతో కలిసి పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద మెహిదీపట్నం వైపు వస్తున్నాను. అత్తాపూర్ దగ్గరికి వచ్చేసరికి ఇంజిన్ ఆగిపోయింది. బండి ఇంకా నాలుగో గేర్‌లో దొర్లుతూనే ఉంది, నేను క్లచ్ తొక్కలేదు. అయినా ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందో చూపే ఆర్పీఎం ముల్లు ఒక్కసారిగా సున్నాకి పడిపోయింది. ఎడమకి తీసి, పార్కింగ్ లైట్లు వేసి, అమ్మని పిట్టగోడ పక్కన నిలబెట్టి అరగంట గడిపాను. పక్కనుంచి బండ్లు దూసుకుపోతుంటే ఎంత టెన్షన్ పడ్డానో చెప్పలేను.

ఆ ముల్లు పడిన తీరులోనే జవాబు ఉందని తర్వాత అర్థమైంది. క్లచ్ వదిలి గేర్‌లో ఉన్నంతసేపు చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతుంటాయి. అంటే ఇంజిన్ తిరుగుతూనే ఉంది, తిరుగుతోందన్న కబురే కంప్యూటర్‌కి అందడం లేదు. పెట్రోల్ అందక ఆగిన బండిలో అయితే స్పీడుతో పాటే ముల్లు కూడా మెల్లగా దిగుతుంది.

ఈ సెన్సర్ క్రాంక్ పుల్లీ దగ్గరో, గేర్‌బాక్స్ వైపు ఫ్లైవీల్ దగ్గరో ఉంటుంది. ఎదురుగా పళ్ల చక్రం తిరుగుతుంది. చాలా కార్లలో 60 పళ్లకు చోటు ఉండి, వరసగా రెండు పళ్లు కావాలనే తీసేసి ఉంటాయి. ఆ ఖాళీని బట్టే పిస్టన్ ఎక్కడుందో కంప్యూటర్ లెక్కగడుతుంది. సిగ్నల్ పోతే స్పార్కూ ఆగుతుంది, ఇంజెక్టర్లూ ఆగుతాయి. రెండు వైర్ల రకంలో లోపల ఉండేది సన్నటి రాగి తీగ చుట్ట. ఎక్కడైనా చిట్లితే వేడికి విడిపోయి, చల్లారాక మళ్లీ తగులుకుంటుంది. అందుకే షెడ్డుకి చేరేసరికి బండి బాగానే ఉంటుంది.

కాబట్టి పరీక్ష చేయాల్సింది బండి ఆగి ఉన్నప్పుడే. ఫోన్‌కి కలిసి, కారు కంప్యూటర్‌లోని సమాచారం చూపే చిన్న ఓబీడీ స్కానర్ ఒకటి కారులో ఉంచుకోండి. ఈసారి ఆగగానే లైవ్ డేటాలో ఆర్పీఎం పెట్టి సెల్ఫ్ కొట్టండి. బ్యాటరీ బాగుంటే 200 అటూ ఇటూ కనిపించాలి. సున్నా దగ్గరే ఉందంటే పంప్ మీద అనుమానం దాదాపు వదిలేయొచ్చు. ఈ సెన్సర్ సర్క్యూట్‌లో లోపం ఉందని చెప్పే పీ0335 కోడ్ వస్తే మంచిదే, కానీ రాలేదని సెన్సర్ బాగుందనుకోకండి. నా బండిలో మొదటి మూడుసార్లూ ఏ కోడూ పడలేదు.

అప్పుడు కూడా వెంటనే సెన్సర్ కొనకండి, ముందు దాని వైరు కప్లర్ (కనెక్టర్) విప్పి చూడండి. ఆయిల్, నీళ్లు, పచ్చగా పట్టిన పిన్నులు, ఎలుక కొరికిన వైరు, వేటివల్లైనా ఇదే జబ్బు వస్తుంది. మా కాలనీలో ఎలుకల వల్ల వైరింగ్ పోయిన బండ్లు నాకు తెలిసే రెండున్నాయి. రెండు వైర్ల సెన్సర్ అయితే మల్టీమీటర్‌తో ఓమ్స్ కొలవండి. నాది చల్లగా ఉన్నప్పుడు 860 చూపించింది. విప్పి హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తే ఐదు నిమిషాల్లో మీటర్ ఓపెన్ అని, అంటే లోపల తీగ తెగినట్టు చూపించింది. అది చూశాక నాకిక అనుమానం మిగల్లేదు. మూడు వైర్లుంటే సాధారణంగా హాల్ సెన్సర్, అంటే కరెంటు సప్లైతో పనిచేసే ఎలక్ట్రానిక్ రకం, దానికి ఓమ్స్ లెక్క పనికిరాదు. కప్లర్‌లో సప్లై, ఎర్త్ వస్తున్నాయో లేదో చూడాలి. సప్లై బండిని బట్టి 5 లేదా 12 వోల్టులు ఉంటుంది.

రాణిగంజ్‌లో చవక రకాలూ దొరుకుతాయి. ఈ ఒక్క వస్తువులో మాత్రం ఒరిజినలే తీసుకోండి, పళ్లకీ సెన్సర్‌కీ మధ్య సందు మిల్లీమీటరు అటూఇటూ మాత్రమే, కొలత తేడా వస్తే మళ్లీ మొదటికే వస్తుంది. నాకు ఒక్క బోల్టు విప్పితే ఊడి వచ్చింది, కొన్నిట్లో స్టార్టర్ మోటర్ తీయాలి. మార్చాక స్కానర్‌తో రీలెర్న్ (కొత్త సెన్సర్‌ని కంప్యూటర్‌కి అలవాటు చేయడం) అడిగే బండ్లూ ఉన్నాయి, ముందే కనుక్కోండి.

బాగయ్యేదాకా ఫ్లైఓవర్లు, ఔటర్ రింగ్ రోడ్ ఎక్కకండి. ఇంజిన్ ఆగితే స్టీరింగ్ బరువెక్కుతుంది, రెండు మూడుసార్లు తొక్కేసరికి బ్రేక్ గట్టిపడుతుంది. ఆగినా బ్రేక్ పదేపదే వదిలి తొక్కకుండా, ఒకేసారి గట్టిగా అదిమి పక్కకు తీయండి. సెల్ఫ్ కొట్టినప్పుడు ఆర్పీఎం ఎంత చూపిస్తోందో, మీ సెన్సర్‌కి ఎన్ని వైర్లున్నాయో చెప్పండి, తర్వాత ఏం చూడాలో రాస్తాను.