అమ్ముకి, ఇంగ్లీషు కథల సంగతి

అమ్మూ,

ఇంగ్లీషులో కథలు రాయబోతున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. గర్వంగా ఉంది, బెంగగానూ ఉంది. స్పెల్లింగులు కంప్యూటరే దిద్దుతుంది. మాట ఎవరిదో, చూపు ఎవరిదో చదివేవాళ్లకు తెలియకుండా పోతుందేమోనని నా భయం.

ఒకరన్న మాటను ఇంగ్లీషులో మన మాటగా చెప్పేటప్పుడు (రిపోర్టెడ్ స్పీచ్) విల్ వుడ్ అవుతుంది, కెన్ కుడ్ అవుతుంది, ఆ పట్టిక నీకు పదో తరగతిలోనే వచ్చు. టోల్డ్ అంటే ఎవరికి చెప్పారో వెంటనే రావాలి, సెడ్‌కి అక్కర్లేదు. ఆజ్ఞలకు టు, వద్దంటే నాట్ టు.

అసలు చిక్కు వేరే ఉంది. ‘మామయ్య రేపు బండి ఇస్తానన్నాడు’ అంటాం. ‘ఇస్తాను’ మామయ్య నోట్లో ఎలా ఉందో అలాగే ఉంచి, చివర ‘అని’ తగిలిస్తాం. ఆ అలవాటుతో ‘అంకుల్ సెడ్ దట్ ఐ విల్ గివ్ ద బైక్ టుమారో’ అని రాస్తే, బండి ఇచ్చేది నువ్వయిపోతావు! ‘అని’ ముందున్న మాటను ముట్టుకోదు. దట్ తర్వాత వచ్చేదంతా మాత్రం చెబుతున్న మనిషి వైపు తిరగాలి. అందుకని కలం పెట్టేముందే చూసుకో: ఇప్పుడు చెబుతున్నది ఎవరు, ఎప్పుడు? ముందు సర్వనామం మార్చు, తర్వాత క్రియ, ఆఖరున రోజు. ‘అంకుల్ సెడ్ దట్ హి వుడ్ గివ్ మీ ద బైక్ ద నెక్స్ట్ డే.’ అదే రోజు ఎవరికైనా చెబుతుంటే టుమారో అలాగే ఉండాలి, ఆ రేపు ఇంకా రేపే కదా. కళ్లు మూసుకుని నెక్స్ట్ డే చేసేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

ప్రశ్నల్లోనూ ఇదే రోగం. ‘షి ఆస్క్డ్ దట్ వేర్ డు యు లివ్’ అని రాస్తారు. దట్ తీసెయ్, డు తీసెయ్: ‘షి ఆస్క్డ్ మీ వేర్ ఐ లివ్డ్.’ అవునా కాదా అనే ప్రశ్నకు ఇఫ్.

కథలో, ఒక సన్నివేశమంతా ఒకరి తలలోనే ఉండు. లక్ష్మి వైపు నుంచి చెబుతూ ‘వెనక అతను చూస్తున్న సంగతి ఆమెకు తెలీదు’ అన్నావో, లక్ష్మిని వదిలేసినట్టే. అన్నీ తెలిసిన కథకుడు కావాలంటే మొదటి పేరాలోనే ఆ గొంతు వినిపించాలి.

ఇంకో పద్ధతి ఉంది, ఇంగ్లీషు నవలా రచయిత్రి జేన్ ఆస్టెన్ చేతిలో బాగా పదునెక్కింది. ‘షి లుక్డ్ ఎట్ ద ఫోన్. హి వుడ్ కమ్ టుమారో.’ షి థాట్ అనకుండానే రెండో వాక్యం ఆమె మనసులోది. హి, వుడ్ కథకుడివి, టుమారో ఆమెది. పట్టిక ప్రకారం నెక్స్ట్ డే చేశావంటే ఆమె గొంతు మాయమవుతుంది. సన్నివేశంలో ఇద్దరు ఆడవాళ్లుంటే మాత్రం జాగ్రత్త, షి ఎవరో తేలదు, పేరు పెట్టు.

చిన్నప్పుడు బడిలో గొడవ చెబుతూ టీచరు గొంతూ పక్కపిల్ల గొంతూ పలికించేదానివి, బంగారు తల్లివి. అలాంటి గొడవే ఒకటి తీసుకుని మూడు రకాలుగా రాయి: కొటేషన్లతో, సెడ్ దట్‌తో, ఈ మూడో పద్ధతిలో. ఊసుపోక మాటలు సెడ్ దట్‌లో కుదించెయ్. తిట్లు కొటేషన్లలోనే బాగుంటాయి.

రాశాక ప్రింటు తీసి పంపు, వరసల మధ్య జాగా వదిలి. ఫోన్లో నాకు కామాలు కనబడి చావవు.

మీ అత్త