కార్తీక్‌కు, నీ మొదటి మంత్రగాడి గురించి

చిరంజీవి కార్తీక్‌కు అత్తయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే బల్ల మీద ఆడే కథల ఆటలో నీ మంత్రగాడి పాత్రకు సరిపోయే బొమ్మ కొన్నావనీ, రంగులు వెయ్యడానికి చెయ్యి రాక టెన్షన్ పడుతున్నావనీ మీ నాన్న చెప్పాడు. మంచి బొమ్మనే ఎంచుకున్నావు నాన్నా. పాదాల దాకా జారే అంగీ, చేతిలో కర్ర, పొడుగాటి గడ్డం. కవచాలూ బెల్టులూ బొత్తాలూ లేవు. చెయ్యి తిరగడానికి ఇంతకన్నా అనువైన బొమ్మ దొరకదు.

మొట్టమొదట ఒక్క సంగతి మనసులో పెట్టుకో. నిలువెత్తు విగ్రహం మీద ఎండ పడితే బట్ట ముడతల్లో నీడ దానంతట అదే కనిపిస్తుంది. నీ బొమ్మ 28 మిల్లీమీటర్ల కొలతది. దాని అంగీలో ముడత లోతు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. ఆటలో బల్ల అవతల కూర్చున్నవాళ్ళ కంటికి ఆ కాస్త నీడ ఆనదు. అందుకే నీలం అంగీకి నీలం ఎంత నీట్‌గా పూసినా బొమ్మ ముద్దలా ఉండిపోతుంది. వెలుగూ నీడా రెండూ మనమే రంగుతో వెయ్యాలి. ఇక చెప్పేదంతా దానికోసమే.

ఫొటోలో ఎడమ భుజం మీదుగా సన్నటి గీత ఒకటి కనిపిస్తోంది. అచ్చు రెండు సగాలు కలిసిన చోటు అది. ఇప్పుడు పట్టించుకోకపోతే వెలుగు రంగు వేసేటప్పుడు ఆ గీతే ముందు పైకి తేలుతుంది. కత్తి పదును వైపు కాదు, వెనక వైపుతో మెల్లగా గీకెయ్. తర్వాత సబ్బు నీళ్ళతో కడిగి ఆరబెట్టు.

ప్రైమర్, అంటే రంగులకన్నా ముందు వేసే అడుగు పూత, స్ప్రే డబ్బా తెమ్మన్నావు కదా, పెయింట్ స్ప్రేలు విమానంలో ఏ సామానులోనూ పెట్టనివ్వరు. బ్రష్‌తో వేసే నల్ల ప్రైమర్ తెస్తాను, నిజానికి విశాఖ గాలికి అదే మేలు. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు స్ప్రే చేస్తే పూత గరుకు తేలుతుంది. ప్రైమర్ ఒక పూత వేసి రాత్రంతా ఆరనివ్వు. మర్నాడు పాత మెత్తటి బ్రష్ ఒకటి తీసుకుని, తెల్ల రంగులో ముంచి, టిష్యూ మీద దాదాపు ఏమీ అంటనంత వరకూ తుడిచి, బొమ్మను నిలబెట్టి పై నుంచి కిందికి మాత్రమే తేలిగ్గా ఆడించు. టోపీ అంచు, ముక్కు, భుజాలు, ముడతల మిట్టలు తెల్లబడతాయి. గడ్డం కింద, చంకల్లో, అంగీ లోపల నలుపు మిగులుతుంది. అప్పుడు నాలుగు వైపుల నుంచీ ఫోన్‌తో ఫొటోలు తీసి ఉంచుకో. రంగు పడ్డాక ఈ తెలుపు మరుగున పడిపోతుంది, వెలుగు ఎక్కడ ఉండాలో ఆ ఫొటోలే చెబుతాయి.

రంగు సీసాలోంచి తీసి నేరుగా పూయకు. నీళ్ళు కలిపి పలచటి మజ్జిగలా చేసుకో. మొదటి పూతకు కింది రంగు కనిపిస్తుంది, కంగారుపడకు. పూర్తిగా ఆరనిచ్చి రెండోది వెయ్. చిక్కగా ఒకేసారి పూస్తే ముడతలు పూడుకుపోతాయి, గడ్డంలో వెంట్రుకల గీతలన్నీ పోతాయి. మనవైపు ఎండలకు రంగులు కలుపుకునే పలకమీద రంగు నిమిషాల్లో ఆరిపోతుంది కాబట్టి తడి పలక తయారుచేసుకో. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, అందులో తడిపిన స్పాంజి, పైన బేకింగ్ కాగితం, అంతే. మైనం పూసిన కాగితం పనికిరాదు, తడి పైకి రాదు.

స్టేషనరీ షాపు క్రాఫ్ట్ రంగులతో సరిపెట్టుకోవచ్చా అని అడిగావు. బొమ్మ కింది దిమ్మకు వాడుకో. ముఖానికీ బట్టలకూ వద్దు. వాటిలో రేణువులు ముతకగా ఉంటాయి, పలచన చేస్తే విరిగినట్టు అవుతాయి. ఇలాంటి బొమ్మలకోసమే చేసే వల్లెహో, సిటడెల్ కంపెనీల రంగులు ఖరీదే, కానీ నాలుగైదు సీసాలతో ఈ బొమ్మ పూర్తవుతుంది.

ముదురు నీలం ఆరాక అంగీ మీద నల్ల వాష్ వెయ్. వాష్ అంటే నీడకోసం వేసే నీళ్ళలాంటి పలచటి రంగు. నల్న్ ఆయిల్ అని సిటడెల్‌ది ఉంది. గడ్డానికి గోధుమ రంగు వాష్. వాష్ పల్లాల్లోకి దానంతట అదే జారుతుంది. ఎక్కడైనా గుంటగా నిలిస్తే అప్పటికప్పుడు తడి బ్రష్‌తో తీసెయ్. సగం ఆరాక మాత్రం ముట్టుకోకు, మరక కట్టేస్తుంది.

ఇప్పుడు అసలు పని. ముదురు నీలంలో కొంచెం లేత బూడిద నీలం కలుపు. తెలుపు కలిపితే సుద్దలా పాలిపోతుంది. బ్రష్ కొన మీద కొంచెమే రంగు ఉండాలి. బ్రష్ ఎత్తిన చోట రంగు ఎక్కువగా మిగులుతుంది, కాబట్టి గీతను నీడ వైపు మొదలుపెట్టి వెలుగు వైపు ముగించు. ముడత మిట్ట మీద మాత్రమే పోవాలి, పల్లం ముట్టుకోకూడదు. మళ్ళీ కొంచెం లేత చేసి, ఇంకా సన్నగా, ఇంకా పైన. దగ్గరగా చూస్తే ఆ గీతలు పచ్చిగా, అతిగా అనిపిస్తాయి. అక్కడ చాలామంది భయపడి చెరిపేస్తారు. నువ్వు చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చూడు. ఇక్కడ నాటింగ్‌హామ్‌లో, వార్‌హామర్ అనే బొమ్మల యుద్ధపు ఆట తయారుచేసే గేమ్స్ వర్క్‌షాప్ వాళ్ళ ప్రదర్శనశాలలో అద్దాల వెనక బొమ్మలున్నాయి. నేను ఎప్పుడు వెళ్ళినా ముక్కు అద్దానికి ఆనించి ఆ అంచు గీతలే చూస్తాను. రెండడుగులు వెనక్కి వేస్తే అవన్నీ వెలుగైపోతాయి.

కళ్ళు వెయ్యకు. టోపీ నీడలో ఉన్నాయి, వాష్ పడితే చాలు. ముక్కు మీద, చెంప ఎముకల మీద, కింది పెదవి మీద లేత రంగు పెడితే ముఖం దానంతట అదే పలుకుతుంది.

బ్రష్ విషయంలో సన్నదనానికి మోసపోకు. త్రిబుల్ జీరో నంబరు లాంటి మరీ సన్నటి బ్రష్‌లో రంగు బొమ్మ దాకా వెళ్ళేలోపే ఆరిపోతుంది. ఒకటో నంబరుది, మంచి కొన ఉన్నది చాలు. రంగు ఎప్పుడూ వెంట్రుకల్లో సగం దాటకూడదు. లోహపు కట్టులోకి వెళ్ళి ఆరితే కొన విచ్చుకుపోతుంది, మళ్ళీ కలవదు.

ప్రైమర్, వాష్‌లు, రెండు బ్రష్‌లు, చివర రంగులకు రక్షణగా పూయడానికి మెరుపులేని మ్యాట్ వార్నిష్ నేను డిసెంబరులో తెస్తాను. ఈలోగా గీతలు గీకి బొమ్మను దిమ్మకు అతికించి ఉంచు. కర్ర ఉన్న చెయ్యి మాత్రం అతికించకు. అది అడ్డంగా ఉంటే గడ్డం దగ్గరికి బ్రష్ వెళ్ళదు. విడిగా ఒక పుల్లకు గుచ్చి ఉంచు, రంగులన్నీ అయ్యాక పెడదాం.

ప్రేమతో,
అత్తయ్య