మీ నానమ్మ ఒంటి మీద పుండు ఎందుకు పడలేదు?

ప్రశ్న: నా వయసు 28. ఉద్యోగం చేస్తున్నాను. ఏడు నెలల క్రితం మా నానమ్మ 84వ ఏట పోయింది. ఇల్లంతా తనే అన్నట్టుండేది. వీధి చివర ఆడుకుంటున్న మమ్మల్ని ఈల వేసి పిలిచేది. 62 ఏళ్ళ వయసులో పట్టుబట్టి స్కూటర్ నేర్చుకుంది. చివరి 14 నెలలు మంచంలోనే ఉన్నా నవ్వు తగ్గలేదు. ఎంత గట్టి శరీరమో, ఒంటి మీద ఒక్క పుండు కూడా పడలేదు. తన జీవితం రాసి బంధువులకు పంచాలని మొదలుపెట్టాను. 40 పేజీలయ్యాయి. అందరూ తమ జ్ఞాపకాలు చెబుతున్నారు, అమ్మ తప్ప. అడిగితే ‘నీకు తెలిసింది రాసుకో, నన్ను లాగకు’ అంటుంది. 30 ఏళ్ళు కలిసి బతికిన అత్తగారి గురించి ఒక్క మంచి మాట రాదా అని కోపం వస్తోంది. రాస్తూ రాస్తూ ఇప్పటికీ ఏడ్చేస్తున్నాను. ఇది డిప్రెషనా? అమ్మ మాటలు లేకుండానే పూర్తి చేసేయనా?

జవాబు: ఏడుపు గురించి టెన్షన్ వద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అమల్లోకి తెచ్చిన వ్యాధుల జాబితాలో దీర్ఘకాలిక దుఃఖం కూడా ఉంది. అయితే ఆరు నెలలు దాటినంత మాత్రాన అది జబ్బయిపోదు. ఆ దిగులుతో పనీ, నిద్రా, నలుగురితో మాటా కుంటుపడితే డాక్టర్‌ను కలవాలి. మీరు ఉద్యోగం చేసుకుంటూ 40 పేజీలు రాశారు. అలాంటి మనిషి పోతే ఏడుపు రాకుండా ఎలా ఉంటుంది? వచ్చినప్పుడు ఏడవండి.

నేను ఆగిపోయింది వేరే వాక్యం దగ్గర. ‘ఎంత గట్టి శరీరమో, ఒక్క పుండు కూడా పడలేదు’ అన్నారే, అక్కడ.

మంచాన పడ్డ మనిషికి పుండు పడకపోవడం శరీరం గట్టిదనం వల్ల కాదమ్మా. ఒకే వైపు పడుకుని ఉంటే నడుము కింద, తుంటి దగ్గర, మడమల దగ్గర ఎముకకూ పరుపుకూ మధ్య చర్మం నలిగి, అక్కడికి రక్తం అందదు. 80 దాటిన వాళ్ళ చర్మం మరీ పల్చన. ముందు ఎర్రబడుతుంది, తర్వాత చితుకుతుంది. అది రాకుండా ఉండాలంటే మామూలుగా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. దుప్పటి ముడత పడకుండా లాగాలి, తడిసిన వెంటనే తుడిచి ఆరనివ్వాలి, మడమలు పరుపుకు తగలకుండా కాళ్ళ కింద దిండు పెట్టాలి. రాత్రి పన్నెండుకీ, రెండుకీ, నాలుగుకీ కూడా. రోజుకు 12 సార్లు చొప్పున 14 నెలలకు లెక్కేయండి, ఐదు వేలు దాటుతుంది. ఆ చేతులు ఎవరివో మీ ఉత్తరంలో లేదు. ఎవరివో నాకు తెలుసు, మీకూ తెలుసు. (మీ నాన్నగారి సంగతి ఈరోజు ఎత్తను.)

అంత చాకిరీ చేసిన మనిషిని, ఇప్పుడు కూర్చుని ప్రేమ కూడా నిరూపించుకోమనడం నాకు నచ్చదు. మీ నానమ్మ గొప్ప మనిషే, సందేహం లేదు. కానీ మనవరాలికి దొరికిన నానమ్మా, కోడలికి దొరికిన అత్తగారూ ఒకరే కానక్కర్లేదు. ఇంట్లో ఒకరు అంత స్వేచ్ఛగా నవ్వుతూ తిరిగారంటే, ఆ వెనక పనంతా ఇంకెవరో మోశారన్నమాట. అందరూ ఆవిడను పొగుడుతుంటే మీ అమ్మగారు నోరు మూసుకోవడం ద్వేషం అనుకోకండి. అబద్ధం ఆడలేక, నిజం చెప్పి మీ మనసు కష్టపెట్టలేక ఊరుకున్నారని నాకనిపిస్తోంది. అది మర్యాద.

పుస్తకం పూర్తి చేయాలా వద్దా అన్నది చిన్న విషయం. కొన్నాళ్ళు పక్కన పెట్టండి. అమ్మ ముందు ఫోన్ రికార్డర్ పెట్టి ‘నానమ్మ గురించి చెప్పు’ అనకండి. ఏదో పనిలో ఉన్నప్పుడు పక్కన చేరి, ‘ఆ 14 నెలలూ నువ్వు ఎప్పుడు నిద్రపోయావమ్మా?’ అని అడగండి. స్కూటర్ నేర్చుకునేటప్పుడు వెనక పట్టుకుని పరిగెత్తింది ఎవరో కూడా అడగండి. ఏమో, అక్కడ ఇద్దరూ కలిసి నవ్వుకున్న రోజు ఒకటి బయటపడొచ్చు. చేదు మాట వస్తే మాత్రం ‘నానమ్మ అలాంటిది కాదు’ అని అడ్డుపడకండి. ఆ ఒక్క మాటతో ఆవిడ మళ్ళీ నోరు విప్పరు. అసలేమీ చెప్పకపోయినా సరే, పక్కనే కూర్చోండి.

తర్వాత ఆ పుండు వాక్యం కొట్టేసి, అది ఎందుకు పడలేదో రాయండి. ఆ పేజీ బంధువుల కంటే ముందు అమ్మకు చదివి వినిపించండి. ఆవిడ వద్దంటే తీసేయండి.